పేరు చెప్పకపోతే అక్కే

బస్సు ఎక్కడిదాకా వచ్చిందో చూపించే యాప్ తయారుచేసే చిన్న ఆఫీసు అది. అక్కాచెల్లెళ్ళిద్దరికీ కలిపి ఒకటే కంప్యూటరు. చెల్లెలు క్షణం కుదురుగా ఉండదు కనుక అందరికీ పిచ్చుకే. కొత్తగా చేరింది, ఉంచుకుంటారో పొమ్మంటారో ఆ సాయంత్రం తేలిపోవాలి. పొద్దుటినుంచీ దాని ప్రాణం గుప్పిట్లో ఉంది.

ప్రోగ్రాములో ఏ మార్పు ఎవరు చేశారో గిట్ అనే సాఫ్ట్‌వేర్ గుర్తుపెట్టుకుంటుంది. ఆ కంప్యూటరు సెట్టింగుల్లో ఉన్నదేమో అక్క పేరు. మార్పును అందులో నమోదు చేసేటప్పుడు, అంటే కమిట్ చేసేటప్పుడు, కమాండులో వేరే పేరు చేర్చితే, ఆ ఒక్కసారికి ఆ పేరు చెల్లుతుంది. మరిచిపోయామా, మళ్ళీ అక్కే! పిచ్చుక ఏనాడూ చేర్చిన పాపాన పోలేదు.

ఆఫీసు పెద్ద కళ్ళజోడు సర్దుకుని తెరమీది మార్పుల చిట్టా చూశాడు. "నీ పేరు మచ్చుకైనా లేదేంటమ్మా?"

"సగం పని దానిదే సార్," అంది అక్క. "పేరు పెట్టడం మరిచిపోతుంది, అంతే."

"అక్కవి కదా, అలాగే అంటావు."

పిచ్చుకకు రోషం ముంచుకొచ్చింది. "మీ ఎదురుగానే చేసి చూపిస్తా, ఉండండి సార్!"

ఒకే బస్టాపు రెండుసార్లు కనబడే తప్పొకటి అందరినీ ఏడిపిస్తోంది. పిచ్చుక దాని పని పట్టింది. టకటకమని కమాండు కొట్టి, కమిట్ చేసి, గర్వంగా చిట్టా తెరిచింది.

చేసినవారు: అక్క.

"ఓసి నీ మతిమరుపు మండా!" అని అక్క నెత్తి కొట్టుకుంది. పిచ్చుక ముఖం పాలిపోయింది.

ఆయన మాత్రం కళ్ళజోడు తీసి, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. "నా కళ్ళముందు నువ్వు చేస్తే, నా కళ్ళముందే అక్క పేరు పడింది! ఇంక వేరే సాక్ష్యం దేనికి? రేపట్నుంచీ నువ్వు మా మనిషివే."

ఆయన అటు వెళ్ళగానే అక్క సెట్టింగులు తెరిచి, తన పేరు తీసి పిచ్చుక పేరు పెట్టింది.

"మరి నీ పేరో?"

"ప్రతిసారీ నేనే చేర్చుకుంటాలేవే. మరిచిపోయేవాళ్ళకే ఈ సెట్టింగులు. నాకు గుర్తుంటుంది."

మర్నాడు పొద్దున్నే అక్క తన పనంతా ముగించి కమిట్ చేసింది. పిచ్చుక వెనకనుంచి వచ్చి, అక్క భుజంమీద గడ్డం ఆనించి చిట్టాలోకి తొంగిచూసింది.

"అబ్బ, ఎంత చక్కగా చేశానక్కా!"

అక్క నాలుక కరుచుకుంది.