నడిమి గోడ

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఊళ్లో ఎక్కడ చూసినా గుడారాలే. సర్కారు కచేరీలు కొన్ని వాటిలోనే నడిచేవి. ఆ వేసవిలో ఉరుకుందమ్మ మొగుడు అయ్యన్ననూ, తల్లి నాగలక్ష్మమ్మనూ వెంటబెట్టుకొని బేతంచెర్లలో రైలెక్కి, ద్రోణాచలంలో బండి మారి, కర్నూలులో ఆడవాళ్ల ఆసుపత్రికి వచ్చింది.

ఆమెకు ఇరవై నాలుగేండ్లు. పుట్టిల్లు ఆలూరు పక్క. పెండ్లయి బేతంచెర్లకు వచ్చాక మూడుసార్లు నీళ్లు పోసుకుంది. మూడుసార్లూ ఐదో నెల నిండకుండానే కడుపు పోయింది.

ఆ ఆసుపత్రి డాక్టరు కృపమణి కోయిలకుంట్ల దగ్గర మిషన్ బడిలో పంతులుగా చేసిన లేవి కూతురు. మద్రాసులో చదువుకొని వచ్చినా, రోగులతో మాట్లాడేటప్పుడు ఆమె నోట ఇంటి మాటే వచ్చేది.

"ఏం పని చేస్తాండావు తల్లీ?" అని అడిగింది.

"నాపరాళ్ల గనిలో బండలు మోస్తాంటినమ్మా. అందుకే పాయె. తొలిసారి బండ ఎత్తినప్పుడే నొప్పి మొదులాయె."

"రెండోసారి?"

"గనికి పోల్యా. ఇంటికాడ నీళ్లు మోస్తాంటి."

"మరి మూడోసారి?"

ఉరుకుందమ్మ తల వంచుకుంది. "మూడోసారి మంచం దిగల్యామ్మా. మాయమ్మే వచ్చి అన్నీ చేసిపెట్టింది. అయినా పాయె. మంచం మీద పండుకోని నేనేం తప్పు చేసినానో తెలీదు."

కృపమణి ఆమెను బల్లమీద పడుకోబెట్టింది. ముందు పరీక్ష చేసింది. మనిషి గట్టిదే, జబ్బులేమీ లేవు. అయితే గర్భసంచి పైభాగం చేతికి మామూలుకంటే కొంచెం వెడల్పుగా తగిలింది. లోపలికి మందు ఎక్కించి ఎక్స్‌రే తీయించింది. తలకిందులుగా నిలబెట్టిన ముక్కోణంలా కనపడాల్సినది, పంగలకర్రలా రెండుగా చీలి కనపడింది.

మరునాడు ముగ్గురినీ పిలిచి కూర్చోబెట్టింది. ట్రేలోంచి కాస్త దూది తీసి రెండు వత్తులు చేసి బల్లమీద పక్కపక్కన పెట్టింది.

"ఆడబిడ్డ తల్లి కడుపులో ఉన్నప్పుడు గర్భసంచి మొదట ఇట్ల రెండు గొట్టాలుగా ఉంటాది. పోనుపోను ఆ రెండూ దగ్గరికొచ్చి అతుక్కుంటాయి. అతుక్కున్నాక నడిమి గోడ కరిగిపోయి ఒకే సంచి అయితాది. అందరికీ అంతే. కొందరికి ఆ పని నడమన ఆగిపోతాది. యాడ ఆగిందో దాన్నిబట్టి మేం రకాలు చెప్తాం."

ఆమె వత్తులను జరుపుతూ చూపించింది. రెండూ అసలు అతుక్కోకపోతే రెండు సంచులు. కింద అతుక్కొని పైన విడిగా ఉండిపోతే రెండు కొమ్ముల సంచి. పూర్తిగా అతుక్కుని కూడా గోడ కరగకపోతే, బయటికి ఒకటే, లోపల రెండు గదులు. ఒక వత్తి తీసేసి, ఒక పక్కే పెరిగినవాళ్లూ ఉంటారంది. రెండోదీ తీసేసి ఖాళీ బల్ల చూపించి, బొత్తిగా ఏదీ పెరగని వాళ్లు కూడా ఉంటారని, తాను అలాంటి ఇద్దరిని చూశానని చెప్పింది. ఆ ఖాళీ బల్ల వైపు ఉరుకుందమ్మ చాలాసేపు చూసింది.

"బండలు మోస్తే అయ్యేది కాదు తల్లీ ఇది. నువ్వు పుట్టకముందే అట్ల ఉండాది."

ఉరుకుందమ్మ ఊపిరి వదిలింది. ఆమె పక్కనున్న నాగలక్ష్మమ్మ ముఖం మాత్రం మాడిపోయింది. కూతురి మీది నింద తన మీదికి వచ్చిందనుకుంది ఆమె.

"అయితే నేనేనమ్మా చేసింది," అంది మెల్లగా. "ఇది కడుపులో ఉన్నప్పుడు గ్రహణం నాడు ఎనుము తాడు తెంపుకుంటే కట్టేసేదానికి బైటికొస్తి. మాయత్త వద్దంటానే ఉండె."

"గ్రహణానికీ దీనికీ సంబంధం ల్యా పెద్దమ్మా. నువ్వు చెయ్యల్యా."

"మరి ఎవురు చేసినట్ల?"

"ఎవురూ చెయ్యల్యా."

నాగలక్ష్మమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎవురూ చెయ్యకపోతే ఇన్నేండ్లు ఇంతమందిని ఎందుకు తిడితిమి మేము?" అంది. అయ్యన్నకు నవ్వొచ్చింది. ఆపుకోబోయి ఆపుకోలేకపోయాడు. అతణ్ణి చూసి ఉరుకుందమ్మ కూడా నవ్వింది.

"ఈటిలో మాయప్పది ఏ రకమమ్మా?" అని అడిగాడు అయ్యన్న. పెండ్లాన్ని అతడు ముద్దుగా అప్పా అనేవాడు.

"అదే నాకు తెలీదు," అంది కృపమణి. "నువ్వు ఇండ్లు కడతావంటివి గదా అయ్యన్నా. రెండు గదులు కనపడినాయి, లోపల్నే నిలబడి చూసినావు. అది ఒకే ఇంట్లో నడమ గోడ పెట్టిందా, పక్కపక్కన కట్టిన రెండిండ్లా? లోపల్నుంచి ఎట్ల చెప్తావు?"

అయ్యన్న ఆలోచించాడు. "చెప్పల్యాము. మిద్దె ఎక్కి చూడాల. రెండిండ్లయితే నడమ సందు ఉంటాది."

"అదే. ఎక్స్‌రే లోపల్నుంచే చూపిస్తాది. పైన్నుంచి చూడాలంటే కడుపు కొయ్యాల. ఒకే ఇల్లయితే నడిమి గోడ తీసేస్తా. రెండిండ్లయితే ఏమీ ముట్టుకోకుండా కుట్టేస్తా. అప్పుడు మళ్లీ మీ అదృష్టం." కాస్త ఆగి, "ఇంకో మాట. ఈ ఆపరేషన్ మద్రాసులో మా పెద్ద డాక్టరమ్మ చేస్తాంటే పక్కన నిలబడి చూసినా, చెయ్యందిచ్చినా. నా అంతట నేను చెయ్యల్యా. మద్రాసుకు పోతామంటే పంపిస్తా," అంది.

అయ్యన్న అత్త వైపు చూశాడు. అత్త కూతురి వైపు చూసింది.

"ఈడనే చెయ్యండమ్మా," అంది ఉరుకుందమ్మ. "బిడ్డ సంగతి తర్వాత. నా కడుపులో ఏముందో నాకు తెలియాల."

ఆపరేషన్ రోజు కృపమణికి సాయంగా నర్సు విశ్వాసమ్మ నిలబడింది. మత్తుమందు ఇచ్చాక, పొట్ట తెరిచి, గర్భసంచిని మెల్లగా పైకెత్తారు. కృపమణి వేలితో పైభాగం మీద ఈ కొస నుంచి ఆ కొసకు తడిమింది. సందు లేదు, పల్లం లేదు. వెడల్పుగా, నున్నగా, ఒకటే.

"విశ్వాసమ్మా, ఒకటే ఇల్లు," అంది.

విశ్వాసమ్మకు ఆ మాట అర్థం కాలేదు. అయినా డాక్టరమ్మ కళ్లు మెరవడం చూసి, మంచి కబురే అయివుంటుందనుకుంది. కృపమణి సంచిని తెరిచింది. నడుమ ఉన్న గోడ వేలెడు పొడుగుంది, పాలిపోయి ఉంది. బిడ్డ ఆ గోడకు అంటుకుంటే రక్తం ఎట్లా అందుతుంది అనుకుంది. గోడను తీసేసి, రెండు గదులను ఒకటి చేసి, పొరపొరగా కుట్టింది. 

తర్వాత జ్వరం వచ్చి అందరినీ కొంచెం భయపెట్టింది. తగ్గిపోయింది. కుట్లు విప్పే నాటికి ఉరుకుందమ్మ వార్డులో పక్క మంచం ముసలామెకు జడ వేస్తూ కూర్చుంది. ఏడాది దాకా కడుపు రాకుండా చూసుకొమ్మని కృపమణి చెబితే, అయ్యన్న సిగ్గుతో కిటికీలోంచి బయటికి చూశాడు.

ఏడాది దాటాక ఉరుకుందమ్మకు మళ్లీ నెల తప్పింది. ఐదో నెల వచ్చేసరికి కర్నూలుకే వచ్చి ఆసుపత్రి దగ్గర ఒక చిన్న గది తీసుకున్నారు. నాగలక్ష్మమ్మ ఉదయం రొట్టెలు చేసేది, సాయంత్రం కూతురిని వార్డు దాకా నడిపించి తెచ్చేది. ఐదో నెల నిండిన రోజున ఎవరూ ఏమీ అనలేదు. పైకి చెబితే చెడిపోతుందని తల్లి, తల్లి భయపడుతుందని కూతురు. మరుసటి వారం బిడ్డ కడుపులో బలంగా తన్నితే, ఉరుకుందమ్మ తల్లి చెయ్యి లాగి పొట్టమీద పెట్టుకుంది.

పాత కుట్టు మీద నొప్పుల బరువు పడకూడదని కృపమణి నెలలు నిండగానే మళ్లీ ఆపరేషన్ చేసి బిడ్డను తీసింది. ఆడపిల్ల. కొంచెం చిన్నదే కానీ ఏడుపు వార్డంతా వినిపించింది.

నాగలక్ష్మమ్మ మనవరాలిని ఒళ్లో పెట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసింది. "డాక్టరమ్మా, దీనికి గూడా అట్లే ఉంటాదా?"

"ఉండకపోవచ్చు పెద్దమ్మా. ఇట్లాంటివి తల్లికుంటే బిడ్డకు ఉండాలనేం ల్యా. ఉన్నా మనకు దారి తెలుసు గదా. ముందు పాలు తాగనీ."

ఒంట్లో శక్తి వచ్చాక బయలుదేరారు. ద్రోణాచలంలో బేతంచెర్ల బండి ఎక్కేసరికి పెట్టెలో జనం కిక్కిరిసి ఉన్నారు. అయ్యన్న ఎవరినో బతిమాలి కిటికీ పక్కన చోటు సంపాదించాడు. ఎదురుగా కూర్చున్న రైతు ముసలామె బిడ్డ బుగ్గను వేలితో తాకింది.

"తొలి కాన్పా తల్లీ?"

ఉరుకుందమ్మ పైట సర్దుకుంది. కాన్పుల మాట ఎత్తితే ఇదివరకు ఆమె ఎప్పుడూ తల వంచుకునేది.

"నాలుగోదవ్వా," అంది. "ముందు మూడు నిలబల్యా. ఇది నిలబడె."

ముసలామె తన మూట తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఈ పక్క చోటుంది, కాళ్లు చాపుకో," అంది. బండి కదిలింది. ఉరుకుందమ్మ కాళ్లు చాపుకొని, బిడ్డను గుండెకు ఆనించుకొని, బేతంచెర్ల చేరేదాకా హాయిగా నిద్రపోయింది.