ఇంట్ల చెప్పకున్రి

మా అబ్బాయి మాణిక్ చావు దినాలైన మరునాడే శంకరప్ప సావుకారు నా హోటలుకు చాయకొచ్చాడు. ఎంత గుండె ధైర్యమో చూడండి.

"జర అల్లం ఎక్కువెయ్యి గిరిజా. దేవుడు ఎట్ల రాస్తే గట్ల" అన్నాడు.

వేశాను. మొహాన కొట్టాల్సిన చాయ చేతికే ఇచ్చాను. మొహాన కొట్టాలని ఎందుకనిపించిందంటే, ఆ పొద్దున్నే మాణిక్ పెట్టెలో దొరికిన క్యాసెట్ విన్నాను.

అలాంటి క్యాసెట్లు బొంబాయి రోడ్డు మీద కుర్రాళ్లకు ఎవరో ఊరికే పంచేవారు. మొదట రెండు సినిమా పాటలు, తర్వాత పేరు చెప్పని మనిషి మాటలు. "మనోళ్లను కొడుతుంటే గాజులు తొడుక్కొని కూసుంటరా? బొంబాయి రోడ్డుకాడ లారీ ఆగుతది, వచ్చెయ్యున్రి. ఇంట్ల చెప్పకున్రి, తల్లులు అడ్డమొస్తరు." మాటమాటకూ గొంతు సవరించుకునేవాడు. అల్లం వ్యాపారి శంకరప్ప బేరంలో సవరించుకున్నట్టే. నా కొడుకు చెప్పకుండానే పోయాడు. ఎక్కడో గొడవలో కత్తిపోట్లు తిని లారీలో తిరిగొచ్చాడు.

పోలీసులకు చెప్పొచ్చుగా అంటారు. వాళ్లు కూర్చునేదే సావుకారు అరుగు మీద. పైగా నాకు కావాల్సింది అతను జైలుకు పోవడం కాదు. నా కడుపు ఎలా కాలిందో అతనికీ అలాగే కాలాలి.

అతనికీ ఒక్కడే కొడుకు, సదాశివ. బీదర్‌లో చదువు. ఆ క్యాసెట్లు వాడి చెవిన పడకూడదని ఇంట్లో టేపురికార్డరే పెట్టనివ్వలేదు, మహానుభావుడు. సెలవులకొచ్చిన సదాశివ నా దగ్గర కూర్చుని చిన్ననాటి దోస్తు మాణిక్ కోసం ఏడ్చాడు. మాణిక్ పెట్టెలో క్యాసెట్ దొరికిందని చెప్పాను.

"గా క్యాసెట్ల ఏముండె అత్తా?"

లోపల గదిలో కూర్చోబెట్టి వినిపించాను. వాడు వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు.

"మా నాయిన గొంతు గద ఇది" అన్నాడు.

అప్పుడైనా ఆ మాటలన్నీ కుర్రాళ్లను రెచ్చగొట్టే అబద్ధాలని చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

"ఔ బిడ్డా. మీ నాయిన అబద్ధం చెప్తడా?" అన్నాను.

వాడు క్యాసెట్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

రెండు రోజులకు శంకరప్ప చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చాడు.

"గిరిజా, మా సదాశివ గిటు వచ్చిండా? ఒక్క మాట చెప్పకుండ పోయిండు."

"చెప్పొద్దన్నది నువ్వే గద సావుకారూ. నీ గొంతు గుర్తుపట్టిండు. మా నాయిన మాట అని నమ్మిండు."

అతను బెంచీ మీద కూలబడ్డాడు. గొంతు సవరించుకోబోయి ఆగిపోయాడు. నా కాళ్ల వైపు వంగాడు.

"యాడికి పోయిండో జర చెప్పు. నీ కాళ్లు మొక్కుత."

నేను అల్లం దంచుతూనే ఉన్నాను.

"నా మాణిక్‌ను యాడికి తోలినవో నీకే ఎర్క. గాడికే పోయిండు."