మోకాలు చెప్పిన అబద్ధం

నేను ఒక గిలక్కాయను. కుదురుగా ఉండడం నా ఒంట్లోనే లేదు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను మర మీద తిప్పి, కడుపు తొలిచి, నాలుగు గింజలు పోసి మూత బిగించిన రోజు నుంచీ అంతే. ఎవరైనా ముట్టుకుంటే గలగలమంటాను. ముట్టుకోకపోతే ఎప్పుడు ముట్టుకుంటారా అని లోలోపల కొట్టుకుంటాను. నాకు పసుపు, ఎరుపు లక్క పూసినాయన చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసి, "పర్లేదు, ఊరంతా లెగుస్తాది" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు కళ్లు నెత్తికెక్కాయి.

ఏ ఉయ్యాలకో కడతారనుకున్నాను. తీసుకెళ్లి ఒక నీలం సంచిలో పడేశారు. అందులో ఎర్ర ఊలు బంతి, టార్చిలైటు, చెక్క దిమ్మలు ఉన్నాయి. పసిపిల్లల్లో ఏదైనా లోపం ఉంటే మొదట్లోనే కనిపెట్టడానికి అంగన్‌వాడీలకు పంపే సంచట అది. బంతిని కదిపితే పిల్ల చూపు దాని వెంట పోవాలి. నన్ను ఊపితే పిల్ల తల తిప్పాలి. అలా బొమ్మగా పుట్టి పరీక్షాధికారినయ్యాను. మనుషులు మాత్రం నన్ను ఆటవస్తువులాగే చూసేవారు. గొప్ప పనులు చేసేవి పెద్ద పెద్ద యంత్రాలేనని వాళ్ల నమ్మకం, ఏం చేస్తాం!

నేను చేరిన అంగన్‌వాడీ జీడిపప్పు ఫ్యాక్టరీ పక్క ఊళ్లో ఉంది. అక్కడి టీచరు వరహాలమ్మ పరీక్ష పెట్టిన రోజు పిల్లల్ని ఎత్తుకొచ్చిన ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి ఒకటే మాట చెప్పింది.

"ఇనబడనేదనుకోండి, ఇప్పుడే తెలిస్తే సెవికి మిషను పెడతారు, మాటలొస్తాయి. ఆలస్యం సేస్తే మాట రావడం కష్టం. దాచుకోకండమ్మా."

చాలామంది పిల్లలు నేను గలగలమనగానే గిర్రున తిరిగారు. ఒకడైతే నన్ను లాక్కుని కొరికాడు కూడా. తర్వాత సన్యాసమ్మ వంతు వచ్చింది. కోడలు సంతోషి పొద్దున్నే ఫ్యాక్టరీకి పోతుంది కాబట్టి ఏడాది కూడా నిండని మనవరాలు జ్యోషితను ఆవిడే తెచ్చింది. ఒళ్లో కూర్చోబెట్టుకుంది. టీచరు వెనక్కి వెళ్లి, కుడి చెవి దగ్గర నన్ను ఊపింది. పిల్ల కుడివైపు తిరిగింది. ఎడమ చెవి దగ్గర ఊపితే ఎడమవైపు తిరిగింది.

"బంగారు తల్లి!" అని టీచరు మురిసిపోయింది.

నేను మాత్రం ఉలిక్కిపడ్డాను. టీచరు పిల్ల తలనే చూస్తోంది, నేను చూసింది సన్యాసమ్మ చీర మడతల్ని. నేను మోగినప్పుడల్లా ఆ వైపు మోకాలు కొంచెం పైకి లేచింది. ఒడి కదిలింది కాబట్టి పిల్ల తిరిగింది. అంతే తప్ప ఆ పిల్ల నన్ను వినలేదు. నాకు గొంతుంది కానీ మాట లేదు. నన్ను ఎవరో ఊపితే తప్ప ఆ గొంతు కూడా లేదు. ఇక ఈ సంగతి ఎవరికి చెప్పను?

తీరా లేచి వెళ్లేటప్పుడు జ్యోషిత నన్ను పట్టుకుని వదల్లేదు. వేళ్లు విడదీయబోతే ముఖం ఎర్రబడింది. "పోన్లే అత్తా, తీసుకెల్లు. రేపు తెచ్చీ" అంది టీచరు.

మర్నాడు మధ్యాహ్నం, ఇంట్లో మరెవరూ లేనప్పుడు, సన్యాసమ్మ పిల్లను చాప మీద వదిలి నన్ను చేతిలోకి తీసుకుంది. వెనక్కి వెళ్లి నెమ్మదిగా ఊపింది. తర్వాత గట్టిగా ఊపింది. నా గింజలు పగిలిపోతాయేమోనన్నంతగా ఊపింది. పిల్ల తన కాలి బొటనవేలితో ఆడుకుంటూనే ఉంది. నన్ను పక్కన పడేసి గిన్నె మీద గరిటెతో కొట్టింది. పక్కింటి కోడి బెదిరి ఎగిరిపోయింది కానీ పిల్ల కదలలేదు. ఆవిడ ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగింది, కూర్చుంది, మళ్లీ లేచింది. నాకైతే ప్రాణం విలవిల్లాడిపోయింది. ఊరిని లేపుతానన్న గర్వం ఆ చాప మీదే చచ్చిపోయింది.

చివరికి పిల్లను చంకనేసుకుని, నన్ను బొడ్లో దోపుకుని అంగన్‌వాడీకి బయల్దేరింది. వాకిలి దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. వీధి మలుపు దగ్గర మళ్లీ ఆగింది. ఎలాగో చేరి, జ్యోషితను పిల్లల మధ్య కూర్చోబెట్టి, నన్ను టీచరు చేతికిచ్చి, తాను మాత్రం దూరంగా గోడకు చేరగిలబడింది.

"ఇప్పుడు ఊపమ్మా" అంది.

టీచరు పిల్లల వెనక నిలబడి ఊపింది. పిల్లలందరూ నా వైపు తిరిగారు. ఒక క్షణం తర్వాత జ్యోషిత కూడా తిరిగింది.

"సూసింది కదా అత్తా!"

"ఆల్లందరూ తిరగడం సూసి ఇదీ తిరిగింది. నిన్న నా మోకాలు బట్టి తిరిగినట్టే." సన్యాసమ్మ తన మోకాలిని చేత్తో కొట్టుకుంది. "నానే కదిపినానమ్మా. నా తమ్ముడు పుట్టు సెవుడు. ఆణ్ని మూగోడు, మూగోడు అనీవోరు. ఆడికి అప్పన్న అని ఓ పేరుందని పోయినరోజుకి ఎవుడికీ గుర్తునేదు. మా గుంటని కూడా అలాగే అంటారని బయమేసింది."

టీచరు ఆవిడ దగ్గరికి వచ్చింది. పక్కన కూర్చుని, జిల్లా ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలో, ఎవరిని అడగాలో చెప్పింది. నన్ను మళ్లీ పిల్ల చేతిలోనే పెట్టింది.

అలా నేను బస్సెక్కాను. సంతోషి ఫ్యాక్టరీకి సెలవు పెట్టి అత్తతో వచ్చింది. బస్సు నిండా జనం, సగం ఆ ఊరివాళ్లే. జ్యోషిత నన్ను ఎక్కినప్పటినుంచీ ఊపుతూనే ఉంది. నా మోత ఆ పిల్లకు తెలియదు, అరచేతిలో నా వణుకు తెలుసు. దానికే అంత సంబరం. మనుషులకే కాదు, నాకూ బుద్ధి తక్కువే: చెవికి చేరకపోతే నేను దేనికీ పనికిరాననుకున్నాను. అక్కడ మిషను పెడతారో, పెట్టినా ఎంతవరకు వినబడుతుందో, మాటలు ఎప్పటికి వస్తాయో నాకేం తెలుసు! కడుపులో గింజలు ఒక్క క్షణం ఆగడం లేదు.

కండక్టరు విసుక్కున్నాడు. "ఏటమ్మా ఆ గోల? తలకాయ పగిలిపోతంది. లాగేయండి దాన్ని."

సంతోషి కంగారుగా నా మీద చెయ్యి వేసింది. సన్యాసమ్మ ఆ చేతిని పక్కకు తీసింది. ఊరివాళ్లందరూ వింటుండగా, గొంతు తగ్గించకుండా అంది.

"ఊపనీ బాబూ. మా గుంటకి ఇనబడదు. సెవులు సూపించడానికి ఎల్తన్నాం."

ముందు సీట్లలోంచి కొన్ని తలలు వెనక్కి తిరిగాయి. సన్యాసమ్మ వాళ్లెవరి ముఖాలూ చూడలేదు. మనవరాలి పిడికిలిని తన పిడికిట్లోకి తీసుకుని, తానూ నన్ను ఊపడం మొదలుపెట్టింది.