బల్ల మీది పవర్ సప్లై

వీధిలో అందరూ ఆయన్ని డాక్టరంటారు. చూసేది కంప్యూటర్లనే అయినా, "పోయింది" అని ఆయన తేల్చాక దాన్ని ఇంకొకరికి చూపించినవాళ్లు లేరు. ఇరవై ఏళ్లుగా అదే రిపేరు దుకాణం, అదే కుర్చీ, అదే నడుం నొప్పి, అదే మాట. చెప్పీ చెప్పీ ఆ మాటంటేనే విసుగు పుట్టిందాయనకు.

ఆ మధ్యాహ్నం ఇళ్ల ప్లాన్లు గీసే ఆవిడ తెర మీద బొమ్మలు ఆడించే గ్రాఫిక్స్ కార్డు ఒకటి పట్టుకొచ్చింది. పెద్ద ప్లాన్ తెరిస్తే చాలు, కంప్యూటర్ టప్పున ఆరిపోతోందట.

"తప్పు కార్డుదో పవర్ సప్లైదో కాస్త తేల్చండి."

డాక్టరు దాన్ని బల్ల మీది కంప్యూటర్లో బిగించాడు. దానికి కరెంటు అందించేది ఆయన పాత పవర్ సప్లై. దాని మీద ఉన్న నమ్మకం కట్టుకున్నదాని మీద కూడా లేదని భార్య ఎగతాళి చేస్తుంటుంది. ఫ్యాన్లు తిరిగాయి. కార్డుకు బాగా పనిపెట్టే బొమ్మ ఒకటి నడిపించగానే తెర నల్లబడింది.

"కార్డు పోయిందమ్మా."

"అదేంటండీ? పొద్దున మా ఆఫీసులో వేరే కంప్యూటర్లో పెట్టి మూడు గంటలు నడిపాం."

పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం మన డాక్టరు. ఆవిడ నోరు మూయించాలని కొత్త పవర్ సప్లై డబ్బా విప్పి తగిలించాడు. గంట గడిచింది. కార్డు హాయిగా పనిచేస్తూనే ఉంది.

"మీ పవర్ సప్లై మార్చుకోండి. కార్డు బాగానే ఉంది," అని గొణిగి పంపేశాడు.

ఆవిడ అటు వెళ్లిందో లేదో ఆయన బల్ల సొరుగు లాగాడు. అందులో ఇంకో కార్డుంది. నాలుగు నెలల కిందట భార్య అన్నగారు "ఉంచుకో బావా" అని ఇష్టంగా ఇచ్చిన కార్డు. ఇదే బల్ల మీద ఆరిపోతే, "చచ్చినదాన్ని దానం చేసి పుణ్యం కొట్టేద్దామనుకున్నావా?" అని డాక్టరు ఆయన్ని నలుగురిలో కడిగేశాడు. ఆ పెద్దమనిషి మళ్లీ ఈ గుమ్మం తొక్కలేదు. భార్యకు కూడా పుట్టింటికి వెళ్లకూడదని ఆంక్ష పెట్టాడు డాక్టరు.

ఆ కార్డును కొత్త పవర్ సప్లైకి తగిలించాడు. తెర మీద బొమ్మ గిరగిరా తిరుగుతూనే ఉంది. చెడింది తన పాత పవర్ సప్లైయే. ఆయన సిగ్గుతో చితికిపోయాడు.

దుకాణం వెనకే ఇల్లు. భార్య ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"మీ అన్నయ్య కార్డు బాగానే ఉందే. తప్పు నాదే, నా పవర్ సప్లైది. ఇప్పుడే ఫోన్ చేసి క్షమాపణ అడుగుతాను."

ఎగిరి గంతేస్తుందనుకున్నాడు. ఆమె చేతిలోని చొక్కా మడత పూర్తిచేసి దొంతర మీద పెట్టింది.

"మీరు కడిగేసిన మర్నాడే అన్నయ్య నాకు ఫోన్ చేశాడు. పవర్ సప్లై మార్చి చూడమని బావకు చెప్పవే అన్నాడు."

"మరి చెప్పలేదేం?"

"చెబితే నన్నూ అలాగే కడిగేస్తారని భయమేసిందండీ," అని ఇంకో చొక్కా అందుకుంది.

బావమరిదికి చేయడానికి తీసిన ఫోన్ను డాక్టరు జేబులో పెట్టేశాడు. క్షమాపణ ముందు ఎవరిని అడగాలో ఆయనకప్పుడు తెలిసింది.