మడిచిన చక్రాలు

గ్రీజు మరక ఒక్క ఉతుకుకి లొంగదు. ఆయన షెడ్డు బట్టల్ని ఆమె పెరట్లో విడిగా నానబెట్టి, ముందు కిరసనాయిలుతో తుడిచి, తర్వాత సబ్బు పెట్టి బ్రష్షుతో రుద్దేది. "వాడి చొక్కా కంటే నీ చీరే నల్లగా ఉందేం?" అనేది అత్తగారు వరండాలోంచి. అక్కడితో ఊరుకునేది కాదు. "కడుపు పండకపోయినా చేతులు మాత్రం గ్రీజుతో బాగా పండాయిలే!" అని తన మాటకు తనే నవ్వుకునేది.

ఆ గ్రీజు ఎందుకు అంటుకుందో ఆవిడకు తెలుసు, ఒప్పుకోదంతే. ఇంటి వెనక షెడ్డులో కొడుకు ఇద్దరు పట్టే చిన్న విమానం కడుతున్నాడు. రెక్కలు, తోక అతని పని. గాల్లోకి లేచాక మడుచుకుని రెక్కల్లోకి వెళ్ళిపోయే చక్రాలు కోడలి పని. పెళ్ళికి ముందు ఆమె పంపుల ఫ్యాక్టరీలో డిజైనరు. "అక్కడెవరికో గీసిపెట్టడం ఎందుకు? మనమే కలిసి కట్టుకుందాం" అని ఆయనే మానిపించాడు. 'కలిసి' అన్న ఒక్క మాటకే ఆమె ఉద్యోగం వదిలేసుకుంది. తర్వాత తేలిందేమిటంటే, ఇద్దరూ షెడ్డులో ఉంటే అది ఆయన పని, ఆమె వంటింట్లో ఉండి ఆయనొక్కడే షెడ్డులో ఉంటే అదీ ఆయన పనే.

ఆయన మొదట గీసిన పద్ధతిలో చక్రం మడిస్తే రెక్క లోపలి దూలానికి కొట్టుకునేది. దూలం చెక్కేద్దామన్నాడు. దూలం చెక్కితే రెక్క నిలవదు. ఆమె అట్టముక్కలతో చక్రాల కాళ్ళు చేసింది. అత్తగారు కునుకు తీసే మధ్యాహ్నాల్లో వాటిని భోజనాల బల్ల మీద మడిచీ విప్పీ, కీలును కాస్త వాలుగా పెడితే చక్రం దూలాన్ని తప్పించుకుని ఒదిగి పడుకుంటుందని కనిపెట్టింది. కిందికి దిగిన కాలు మళ్ళీ ముడుచుకోకుండా మోకాలిలాంటి కడ్డీ ఒకటి అమర్చింది. అది నిటారై, వెంట్రుకవాసి అవతలికి దాటిందంటే ఎంత బరువు పడినా ముడుచుకోదు. ఆ వెంట్రుకవాసి దాటించడానికి గట్టి స్ప్రింగు వేసింది.

"చక్రాల హ్యాండిలు లాగితే భుజం పడిపోతోంది" అని ఆయన ఆ స్ప్రింగు తీసి మెత్తనిది పెట్టాడు.

"పైన గాలి ఎదురు తోస్తుందండీ. ఇది చాలదు."

"నీ వంటింటి గాలి వేరు, పై గాలి వేరు."

ఆమె మళ్ళీ మళ్ళీ చెప్పింది. చివరికి, "శకునపక్షిలా ఏమిటా మాటలు?" అని అత్తగారు కసిరితే నోరు మూసుకుంది.

కొన్నాళ్ళు చక్రాలు కిందే ఉంచి ఎగిరాడు. మడిచి ఎగిరే రోజు బంధువులంతా ఫ్లయింగ్ క్లబ్బు మైదానానికి వచ్చారు. అత్తగారికి కుర్చీ వేశారు. కోడలి చేతికి టీ ఫ్లాస్కు ఇచ్చారు. విమానం లేచింది. రెండు చక్రాలూ ఒద్దికగా రెక్కల్లోకి వెళ్ళి సర్దుకున్నాయి. "బుర్రంటే మీవాడిదే బుర్ర!" అన్నారెవరో అత్తగారితో. కోడలి కళ్ళు చెమ్మగిల్లాయి. అది నాది అని చెప్పుకోవడానికి పక్కన ఒక్క మనిషీ లేకపోయాడు.

దిగే వేళకు కుడి చక్రం వచ్చి బిగుసుకుంది. ఎడమది సగంలో వేలాడుతోంది.

"చక్రం బిగుసుకుంటే వెలిగే దీపాల్లో కుడిదే వెలిగిందట. రెండోది వెలగడం లేదట" అన్నాడు రేడియో దగ్గరున్న క్లబ్బు మెకానిక్కు. రేడియోలోంచి ఆయన గొంతు, "దిగట్లేదు... దిగట్లేదు" అంటోంది.

ఆమె ఫ్లాస్కును అత్తగారి ఒళ్ళో పెట్టి మైకు అందుకుంది.

"నేను మాట్లాడుతున్నా. హ్యాండిలు దించే ఉంచు. వేగం తగ్గించు."

"తగ్గించా."

"ముక్కు ఎడమకు తిప్పు. కుడి పక్కనుంచి గాలి కొట్టి చక్రాన్ని బయటికి తోస్తుంది."

"భయమేస్తోందే."

"నేనున్నా. నువ్వు తిప్పు. ఇంకా... ఇంకొంచెం. ఇప్పుడు ముక్కు ఒక్కసారి పైకి లాగు!"

కాసేపు గరగర తప్ప ఏమీ వినిపించలేదు.

"వెలిగింది" అన్నాడాయన, ఏడుస్తున్నట్టుగా.

పెళ్ళయ్యాక ఆమె చెప్పింది చెప్పినట్టు ఆయన వినడం అదే మొదలు. ఆ కాసేపూ ఆమెకు భయం వేయలేదు. సంతోషం వేసింది. అటువైపు ఒక మనిషి తన ప్రతి మాటా చెవిపెట్టి వింటున్నాడు, అడ్డు రావడం లేదు, నవ్వడం లేదు. విమానం క్షేమంగా నేల తాకాక ఆ సంతోషానికి సిగ్గుపడింది. ప్రాణం మీదికి వస్తే తప్ప పెళ్ళాం మాట చెవికెక్కదా అనుకునేసరికి ఆ సిగ్గు కాస్తా దుఃఖమైంది. అందరూ ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఆమె గడ్డిలో కూర్చుంది.

సాయంత్రం హాలునిండా చుట్టాలు. "ఒక్క క్షణం ఆలోచించా. ముక్కు పక్కకు తిప్పి పైకి లాగా. అంతే!" అని ఆయన చేత్తో తిప్పి చూపిస్తున్నాడు. ఆమె టీలు అందిస్తోంది. అందరూ వెళ్ళాక వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చెబుతాడనుకుంది. ఏం చెబుతాడో తెలియదు గానీ, ఏదో ఒకటి చెబుతాడనుకుని చేతులు తుడుచుకుంది.

"అదేం పద్ధతి? అందరి ముందూ నన్ను నువ్వు, నువ్వు అన్నావు. అమ్మ చాలా నొచ్చుకుంది."

ఇంకో మాటేదైనా ఉందేమోనని ఆమె చూసింది. లేదు.

ఆ వారంలోనే ఆమె అక్కకు ఫోన్ చేసింది. ఒక గది ఖాళీగా ఉందంది అక్క. పాత ఫ్యాక్టరీలో మళ్ళీ పని ఇస్తారో ఇవ్వరో తెలియదు. అయినా వెళ్ళిపోవాలనుకుంది. కానీ చంపగలదని తెలిసిన స్ప్రింగును అలాగే వదిలి వెళ్ళడం ఆమెవల్ల కాలేదు. విమానాన్ని జాకీల మీదికి ఎత్తించి, గట్టి స్ప్రింగులు తనే బిగించింది. ఒక్కో చక్రాన్నీ తాడు కట్టి ఎదురు లాగుతూ, దించీ మడిచీ పరీక్ష చేసింది. ప్రతిసారీ టక్కుమని బిగుసుకుంది. అంత బాగా పనిచేయడం చూసి, చక్రం మీద చెయ్యివేసి ఏడ్చింది.

తర్వాత ఆయన్ని పిలిచి హ్యాండిలు లాగించింది.

"గట్టిగా ఉంది" అన్నాడు చిరాగ్గా.

"ఉండనివ్వండి. దిగిందంటే మళ్ళీ ముడుచుకోదు."

"సరేలే. రేపు ఎగురుతున్నా, పొద్దున్నే లేపు."

"రేపు నేనుండనండీ. అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నాను. మళ్ళీ రాను."

ఆయన వంగి, కిందికి దిగుతున్న చక్రాన్నే చూస్తూ, "ఊఁ" అన్నాడు.

ఆమెకు బెంగ తీరలేదు గానీ, వెళ్ళాలా వద్దా అన్న అనుమానం తీరిపోయింది.