పన్నెండు గంటల నది పాఠం

ఇరవై ఆరేళ్ళు సైనిక శిక్షణ పాఠశాలలో కోర్సుల విభాగం నడిపాను. ఏ బ్యాచికి ఏ పాఠం, ఎన్ని గంటలు, ఏ మైదానంలో, ఏ శిక్షకుడు, అన్నీ నా చేతిలోనే. నా గదిలో ఒక గోడ నిండా చార్టు, ఇంకో గోడ నిండా ఇనుప బీరువాలు. అందరూ నన్ను గంటల సారు అనేవారు. నా వెనక ఇంకేమనేవారో కూడా నాకు తెలుసు, అదిప్పుడు అనవసరం. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. రిజిస్టరులో ఒక్క గడి ఖాళీగా కనిపించినా శిక్షకుణ్ణి నిలబెట్టి దులిపేసేవాణ్ణి. తనిఖీకి వచ్చిన ప్రతి అధికారీ నా రిజిస్టర్లు చూసి మెచ్చుకునే వెళ్ళాడు. చివరికి ఆ రిజిస్టర్లే మా అక్క కొడుకు మెడకు చుట్టుకున్నాయి.

వాడు మా పాఠశాలలోనే దళనాయకుల కోర్సు చేశాడు. పదహారు వారాల కోర్సు. తొమ్మిదో వారంలో నది దాటే పాఠం, పన్నెండు గంటలు, మొత్తం నీళ్ళలోనే. తాడు ఎక్కడ, ఎంత ఎత్తున కట్టాలి, పడవ ఎలా నడపాలి, నీటి ఉరవడి ఎంతుంటే దిగకూడదు, ఇవన్నీ నేర్పాలి. సరిగ్గా ఆ వారమే మా నాలుగు పడవలూ పక్క పాఠశాలకు తరలిపోయాయి. అక్కడికి పెద్దవాళ్ళెవరో చూడటానికి వస్తున్నారట, వరసగా నిలబెట్టడానికి వాళ్ళ పడవలు చాలలేదట. మావాటికి కొత్త రంగు కూడా వేయించి పంపాం.

నేను పెద్దసారు గదికి వెళ్ళాను. పెద్దసారంటే మా పాఠశాల అధిపతి.

"పడవలొచ్చేదాకా ఈ పాఠం ఆపుదాం సార్. బ్యాచిని ఒక్క వారం వెనక్కి జరుపుతాను."

ఆయన తలెత్తలేదు. "జరిపితే తర్వాత వచ్చే బ్యాచి ఎక్కడ పడుకుంటుంది? నీ నెత్తి మీదా?"

"మరి ఆ గడి ఖాళీగా ఉండిపోతుంది కదా సార్."

"ఇన్నేళ్ళ సర్వీసు చేశావు, అది కూడా నేనే చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. ఒక శిక్షకుణ్ణి పిలిచి, తరగతి గదిలో గంటసేపు నల్లబల్ల మీద నది గీయించాను. ఒడ్డున కూర్చుని ఈత నేర్పడం అంటారే, మాకు ఆ ఒడ్డు కూడా లేదు. తర్వాత 'పన్నెండు గంటలు, పూర్తి' అని నా చేత్తోనే రాశాను. మా దగ్గర ఇంకో పద్ధతి ఉంది. పాఠం అయ్యాక, నేర్చుకున్నవాడు కూడా తన పేరు పక్కన సంతకం పెట్టాలి. ముప్ఫై ఒక్క మందీ వరసగా వచ్చారు. మావాడి వంతు వచ్చేసరికి కలం పట్టుకుని ఆగాడు.

"నీళ్ళే చూడలేదు కదా మామయ్యా."

"ఆఫీసులో మామయ్యేమిట్రా? తాతకు దగ్గులు నేర్పకు. ఇక్కడ రాశామంటే నీకు వచ్చినట్టే. పెట్టు."

పెట్టాడు. వెనకున్నవాళ్ళు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గానీ పైకి కనబడనివ్వలేదు.

ఏడు నెలల తర్వాత వాడి దళం ఒక నది దాటాల్సి వచ్చింది. పైన వానలు పడి నది నిండుగా ఉంది. వాడే తాడు కట్టించాడు, వాడే అందరినీ దింపాడు. సగం దూరం వెళ్ళాక తాడు జారింది. పదకొండు మందిలో అయిదుగురు కొట్టుకుపోయారు. వాళ్ళ శవాలు దొరకడానికి మూడు రోజులు పట్టింది.

విచారణ మొదలైంది. శిక్షణ పొంది కూడా నిర్లక్ష్యంగా మనుషుల్ని చంపాడని వాడి మీద నేరం మోపారు. నేర్పకుండా పంపి ఉంటే తప్పు పంపినవాళ్ళది. నేర్పాక జరిగితే తప్పు వాడిది, ఏళ్ళ తరబడి జైలు. అంతా ఆ పన్నెండు గంటల మీదే ఆగింది.

అక్క మా ఇంటికి వచ్చింది. కుర్చీ జరిపినా కూర్చోలేదు.

"వాడికి అసలు నేర్పనే లేదటగా తమ్ముడూ? వాడు నోరు విప్పలేదులే. వాడితో చదివిన కుర్రాడు చెప్పాడు."

"నేర్పలేదక్కా."

"నేర్పినట్టు రాసిందెవరు?"

"నేనే."

చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"అయితే వెళ్ళి ఆ మాటే చెప్పు. నీ ఉద్యోగం పోతుంది, పోనీ. నా కొడుకు నాకు మిగులుతాడు."

ఛీ, ఆవిడ వచ్చి అడిగేదాకా ఆగాను. నెల రోజులు గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ తిరిగాను తప్ప, నిజం చెప్పడానికి ఒక్క అడుగు వెయ్యలేదు. భయం, ఇంకేమీ కాదు.

మర్నాడు ఉదయమే విచారణాధికారిణి ముందు నిలబడ్డాను. ఆవిడ బల్ల మీద నా రిజిస్టరే తెరిచి ఉంది. పడవలు, రంగు, నల్లబల్ల, జరిగింది జరిగినట్టు చెప్పాను.

"పడవలు పంపినట్టు కాగితం ఏదైనా ఉందా?"

"లేదండీ, నోటిమాట మీద పంపాం. పడవల పుస్తకంలో ఆ వారం నీళ్ళలోనే ఉన్నట్టు రాశాను."

"అలా ఎందుకు రాశారు?"

"రెండు పుస్తకాలూ సరిపోవాలి కదండీ."

ఆవిడ కాగితాలు తిప్పింది. "పాఠం జరిగిందని మీ పెద్దసారు రాసిచ్చారు. శిక్షకుడూ అదే రాసిచ్చాడు. ఆ బ్యాచిలో మిగతా ముప్ఫై మందీ అదే చెప్పారు."

ఎందుకు చెప్పరు? జరగలేదంటే వాళ్ళ సర్టిఫికెట్లూ చెల్లవు. అక్కకు నిజం చెప్పిన కుర్రాడు కూడా ఆ ముప్ఫై మందిలో ఉన్నాడు.

"ముద్దాయి మీకేమవుతాడు?"

"మేనల్లుడండీ."

ఆవిడ కలానికి మూత పెట్టింది. గొంతులో వెటకారం లేదు, ఉన్నా బాగుండేది. "మీ రిజిస్టర్లలో ఒక్క తప్పు కూడా లేదని ప్రతి తనిఖీ నివేదికలోనూ ఉంది. ఇన్నేళ్ళ మీ రాత నమ్మాలా, ఇవాళ్టి మీ మాట నమ్మాలా? మేనమామ కదా, ఎవరైనా ఇలాగే వస్తారు."

నేను బల్ల గుద్దాను. "ఆ పుస్తకం నిండా అబద్ధాలేనండీ. ఏ పేజీ అయినా తీయండి, వేలుపెట్టి చూపిస్తాను." కాపలా సిపాయి వచ్చి నా రెక్క పట్టుకున్నాడు. ఆవిడ వదిలెయ్యమంది, మంచినీళ్ళిమ్మంది. దొంగతనం చేశానని మొత్తుకుంటున్నా దొంగను నమ్మని లోకం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. చివరికి నా ఉద్యోగం కూడా పోలేదు.

వాడికి తొమ్మిదేళ్ళు వేశారు. తీర్పు రోజున అక్క నా ముందునుంచే నడిచి వెళ్ళింది, ఎవరో దారినపోయేవాణ్ణి దాటినట్టు. ఆ వారంలోనే జైలుకు వెళ్ళి వాణ్ణి చూశాను. మధ్యలో ఇనుప వల. సన్నబడ్డాడు, గడ్డం సరిగా గీసుకోలేదు.

"నువ్వెళ్ళి చెప్పావటగా మామయ్యా. అమ్మ చెప్పింది."

"చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాన్రా. తిట్టు. నోటికెంత వస్తే అంత తిట్టు."

"తిట్టడానికేముంది?" అని వలకు దగ్గరగా జరిగాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "ఆ రోజు ఒడ్డు మీద మా పై అధికారి అడిగాడు, నది దాటించడం నీకు వచ్చా అని. రాదంటే వేరే దళాన్ని పంపేవాడు. నీళ్ళు చూస్తే నాకూ భయమేసింది. కానీ నువ్వే సంతకం పెట్టమన్నావంటే నాకు వచ్చే ఉంటుందనుకున్నాను. వచ్చు సార్ అన్నాను. మావాళ్ళు వెనకాడుతుంటే, మా మామయ్య దగ్గర నేర్చుకున్నాను, భయపడకండి అని చెప్పి దింపాను."