పొయ్యి వెలగని ఇల్లు

రోటీల పిండి కలుపుతుంటే రేడియోలో మా ఆయన గొంతు వినిపించింది. కెనడాలోని మా బ్రాంప్టన్‌లో పొద్దున్నే ఆ పంజాబీ రేడియో మోగని వంటిల్లు ఉండదు.

"దీక్ష మొదలైన దగ్గర్నుంచి మా ఇంట్లో పొయ్యి వెలగలేదండీ. నవ్‌కిరణ్ మా ఇంటి బిడ్డ. ఆ పిల్లని వెనక్కి పంపే ఆలోచన మానుకునేదాకా మా పోరాటం ఆగదు" అంటున్నాడు బల్కార్.

ఆయన వంతు నిరాహార దీక్ష నిన్నటితో అయిపోయింది. పొద్దున రెండు ఆలూ పరోఠాలు తిని మరీ మైకు దగ్గరికి వెళ్ళాడు. నా ముందు పొయ్యి మీద రాజ్మా ఉడుకుతోంది, పక్కన చాయ్ మరుగుతోంది, మిగతా రెండింటి మీద పెనాలు కాలుతున్నాయి. నా పక్కన నిలబడి రోటీలు ఒత్తుతున్నది ఆ నవ్‌కిరణే. మా బేస్‌మెంటులో అద్దెకుంటుంది.

"వెలగకపోతే మరి నా చెయ్యెలా కాలింది దీదీ?" అని పిండి చేతిని నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది.

జలంధర్‌లో ఏజెంటు ఆ పిల్లను మోసం చేశాడు. ఇక్కడ చదువు పూర్తిచేసి ఉద్యోగంలో చేరాక, తను వచ్చిన కాగితాలు దొంగవని తేలింది. దేశం వదిలి పొమ్మన్నారు. మా సంఘం వాళ్ళు ఎంపీ ఆఫీసు ఎదురుగా డేరా వేశారు. రోజుకు ఐదుగురు నిరాహారంగా కూర్చుంటారు, అందరూ మగవాళ్ళే. వాళ్ళను చూడవచ్చేవాళ్ళకు భోజనం మా ఇంటి నుంచి. మధ్యాహ్నానికి అవన్నీ డబ్బాలకెత్తి నేను గోడౌనుకు డ్యూటీకి పోతాను. ఎవరి కోసం ఆ డేరా వేశారో ఆ పిల్ల ఒక్కసారైనా అందులో కూర్చోలేదు. రోటీలు ఒత్తడానికే సరిపోతోంది.

"మన ఆడవాళ్ళ సేవ లేకపోతే ఈ పోరాటమే లేదు" అన్నాడు మొన్న సంఘం ప్రెసిడెంటు సహోతా. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఆ మాట పంటి కింద రాయిలా తగిలింది. వాళ్ళు చేసేది పోరాటం, నేను చేసేది సేవ. పోరాటం చేసేవాడికి దిండు కావాలి, దుప్పటి కావాలి, ఫొటో కావాలి. సేవ చేసేది మాత్రం నడుం నొప్పి అనకూడదు, అంటే పుణ్యం పోతుంది. గురుద్వారాలో ఈ మగవాళ్ళే రోటీలు కాలుస్తారు, గిన్నెలు తోముతారు, అక్కడ అది అందరి సేవ. గుమ్మం దాటి ఇంట్లోకి వచ్చేసరికి ఆ మాటను మా చేతిలో పెట్టి వాళ్ళు సోఫాలో కూర్చుంటారు.

ఆ సాయంత్రం సహోతా ఫోను చేశాడు. రేపు కూర్చోవాల్సిన ఐదుగురిలో ఒకతనికి విన్నిపెగ్ లోడు పడిందట, లారీ తీసుకుని పోయాడు. మనిషి కోసం బల్కార్ ఊరంతా ఫోన్లు చేస్తున్నాడు.

"నేను కూర్చుంటాను" అన్నాను.

"ఎక్కడ?"

"డేరాలో. నవ్‌కిరణ్ కోసం."

నవ్వాడు. "నువ్వు కూర్చుంటే వచ్చిన వాళ్ళకి ఎవరు పెడతారే?"

అత్తగారు సోఫాలోంచి నా తరఫున మాట్లాడింది. "కూర్చోనీరా. కర్వా చౌత్ నాడు నీ ఆయుష్షు కోసం చుక్క నీళ్ళు ముట్టకుండా ఇంటిల్లిపాదికీ వండట్లేదూ? అలాగే రేపూ వండేసి పోయి కూర్చుంటుంది."

"అదీ నిజమే" అన్నాడు, బరువు దిగినట్టు.

"వండను బీజీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "దీక్షలో కూర్చున్నవాళ్ళు వండరు. ఇన్ని రోజుల్లో మీ అబ్బాయి పక్కన కూర్చున్న వాళ్ళలో ఎవరైనా వండారా?"

"నలుగురిలో నా పరువు తీస్తావా?"

"తీయను. పొయ్యి వెలగలేదని రేడియోలో చెప్పారుగా. ఆ మాట నిలబెడతాను."

ఆయన ఫోను తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

పొద్దున గోడౌనుకు సెలవు చెప్పి నేనూ నవ్‌కిరణూ ఖాళీ చేతులతో డేరాకు వెళ్ళాం. సహోతా మా వెనక డబ్బాల కోసం వెతికాడు. "భాభీజీ, ఇక్కడ ఆడవాళ్ళకి ఏర్పాట్లేమీ లేవే" అన్నాడు.

"నేల ఉంది కదా అంకుల్" అని నవ్‌కిరణ్ మధ్యలో కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను.

మధ్యాహ్నం జనం వచ్చారు. "రోటీ ఇంకా రాలేదా?" అని ఒకరినొకరు అడిగారు. అందరూ నావైపు చూశారు. నేను మా ఆయనవైపు చూశాను. ఆయన చెవుల దాకా ఎర్రబడి, కారు తాళాలు వెతుక్కుంటూ పిజ్జా కొట్టుకు పరుగెత్తాడు. రేడియో అతను మైకు పట్టుకుని సహోతా దగ్గరికి పోబోయి, ఏమనుకున్నాడో, నవ్‌కిరణ్ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ పిల్ల తన కథ తనే చెప్పింది. తడబడుతూ చెప్పినా ఎవరూ మధ్యలో అందుకోలేదు.

నాకు కళ్ళు తిరుగుతున్నాయి. నీళ్ళ కోసం అలవాటుగా లేవబోయాను.

"లేవకండి భాభీజీ, లేవకండి, నీరసంగా ఉంటారు" అని సహోతా గ్లాసు తెచ్చి నా చేతికిచ్చాడు. ఎవరో వెనక దిండు పెట్టారు. ఎవరో కాళ్ళ మీద దుప్పటి కప్పారు. పెళ్ళయి ఈ దేశం వచ్చాక పట్టపగలు కాళ్ళు చాపుకుని కూర్చోవడం ఇదే మొదటిసారి.

పోరాటం ఇంత సుఖంగా ఉంటుందని మా ఆయన నాకెప్పుడూ చెప్పలేదు.